రేడియో మేడ మీద ఎర్ర గుడ్డ

రేడియో స్టేషను ఎక్కడ అని అడిగితే ఇప్పటివాళ్లు ఊరి బయటి కొత్త భవనాన్నే చూపిస్తారు. గోడలకు మెత్తలు కుట్టి, తలుపు వెనక తలుపు పెట్టి కట్టిన భవనం అది. పక్క నుంచి రోడ్డు రోలరు వెళ్లినా లోపల వార్తలు చదివే మనిషికి చీమ నడిచినట్టు కూడా ఉండదు. అలాంటి చోట ఉష్షాయనకు పనేముంటుంది? ఆయన కథంతా పాత మేడలోనే జరిగింది.

ఆ మేడను రేడియో కోసం ఎవరూ కట్టలేదు. ఒక బట్టల వ్యాపారి తన పెద్ద సంసారం కోసం కట్టుకున్నాడు. సంసారం తలో దిక్కూ పోయి మేడ ఖాళీ పడ్డాక, గదులు చాలా ఉన్నాయి కదా అని స్టేషను వాళ్లు సామానుతో దిగిపోయారు. వీధిలో ఎవరు ఏ పని చేసుకుని బతుకుతున్నారో చూసుకోలేదు. భోజనాల గది స్టూడియో అయింది. గోడలకు పీచు చాపలు, వాటి మీద పాత బొంతలు, బొంతలు కనపడకుండా ఆకుపచ్చ తెరలు. కిటికీ సందుల్లో దూది కుక్కారు. ఫ్యానుకు దగ్గు జబ్బు కాబట్టి మైకు తెరిచేముందు దాన్ని ఆపేసేవారు. గోడ గడియారం టిక్కుటిక్కుమంటోందని దాన్నీ ఆపేశారు. టైము చెప్పాల్సిన మనిషి అద్దంలోంచి పక్కగదిలోకి తొంగి చూసి చెప్పేవాడు. వార్తలు చదివే పెద్దమనిషి ఉక్క భరించలేక చొక్కా విప్పి, భుజాన తడి తువ్వాలు వేసుకుని, కాళ్లు నీళ్ల బకెట్లో పెట్టుకుని, ప్రపంచంలోని యుద్ధాలన్నీ మహా గంభీరంగా చదివేవాడు. నాటకంలో ఎవరైనా నూతిలో పడితే మైకు తీగ స్నానాలగదిలోకి లాగేవారు. దయ్యాలు కూడా అక్కడి నుంచే మాట్లాడేవి. మేడమెట్లలో ఒకటి కిర్రుమనేది. దాన్ని దాటి కాలు వెయ్యడం అలవాటు కానంత వరకు ఎవరైనా ఆ స్టేషనులో కొత్తవాళ్ల కిందే లెక్క.

ఇన్ని చేసినా వీధి లోపలికి వచ్చేసేది. ఎదురింటి దర్జీ మిషను తొక్కితే వార్తల మధ్యలోంచి రైలు పోయినట్టుండేది. మలుపులో చిన్నపిల్లల బడి, అందులో ఎక్కాలు. బడి పక్కన ఒకే ఇంటిని రెండు వాటాలు చేసుకున్న తోడికోడళ్లు. వాళ్ల వాగ్వాదం రేడియో కంటే ముందు మొదలై రేడియో మూసేశాక ముగిసేది. అందరినీ మించినవాడు సొట్టలాయన. గిన్నెలకు సొట్టలు తీసి, చిల్లులకు మాట్లు వేసే పని ఆయనది. ఆయన ముందుగదికీ స్టూడియోకీ మధ్య ఉన్నది ఒకటే గోడ. ఇవతల మైకు, అవతల సుత్తి.

ఉష్షాయన అక్కడికి అటెండరుగా వచ్చాడు. టీ అందించడం, కాగితాలు ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదికి చేర్చడం ఆయన ఉద్యోగం. చేరిన రోజునే పశువుల డాక్టరొకాయన గాలికుంటు వ్యాధి గురించి ప్రసంగిస్తుండగా బయట ఎవడో సైకిలు బెల్లు వదలకుండా వాయించాడు. డైరెక్టరు అద్దం వెనక నుంచి కళ్లెర్రజేసి కొత్తవాడికి వీధి చూపించాడు. వెళ్లి కేకలేస్తే ఆ కేకా మైకులో పడుతుంది. అందుకని ఆయన పరుగెత్తుకెళ్లి సైకిలుకు అడ్డంగా నిలబడి, పెదాల మీద వేలు పెట్టి, ఉష్ అన్నాడు. సైకిలువాడు ఆగాడు. ఆగి, దిగి, చక్రం చప్పుడు కూడా కాకుండా సైకిలును మెల్లగా నడిపించుకుంటూ వెళ్లిపోయాడు. ఆ ఉష్‌లో గద్దింపు లేదు, బతిమాలడమూ లేదు. ఉయ్యాల పక్కన కూర్చున్న మనిషి అనే ఉష్ అది. ఎంత మొండివాడికైనా తన ఇంట్లో ఎవరో నిద్రపోతున్నట్టే అనిపించేది.

ఆ రోజు నుంచి ఆయనకు అదే పని, అదే పేరు. తల్లిదండ్రులు పెట్టిన పేరు జీతం పుచ్చుకునేటప్పుడు మాత్రమే బయటికి వచ్చేది. ఆయన పోయిన రోజున చూడటానికి వచ్చిన పాత వీధివాళ్లంతా, ఎవరూ చెప్పకుండానే, గేటు దగ్గర నుంచి మునివేళ్ల మీద నడిచి లోపలికి వచ్చారు. ఏడవాల్సినవాళ్లు కూడా బయటికి వెళ్లి ఏడ్చి వచ్చారు. కానీ ఈ కథ ఆయన తల నల్లగా ఉన్నప్పటిది.

ప్రతి గుమ్మానికీ పరుగెత్తి ఉష్ అనడం ఎన్నాళ్లో సాగలేదు. దర్జీ దగ్గర ఆపి వచ్చేసరికి బడిలో అందుకునేవారు. అప్పుడాయన ఒక ఉపాయం కనిపెట్టాడు. బట్టల వ్యాపారి వదిలేసిపోయిన పాత తెరలోంచి పెద్ద ఎర్ర ముక్క కత్తిరించాడు. స్టూడియోలో మనుషులు నేరుగా మైకు ముందు కూర్చుని మాట్లాడే వేళ, పాడే వేళ, ఆ గుడ్డను మేడ వరండా కమ్మీకి కట్టేవాడు. వీధికి ఆ చివరి నుంచీ ఈ చివరి నుంచీ కనపడేది. రికార్డులు వేసే వేళ మైకు మూసే ఉంటుంది కాబట్టి గుడ్డ ఉండదు, ఎవరి గోల వాళ్లది. గుడ్డ ఎగిరితే మాత్రం దర్జీ మిషను వదిలి గుండీలు కుట్టుకోవాలి. బడిలో ఎక్కాలు ఆపి బొమ్మలు వేయించాలి. తోడికోడళ్లు ఉన్న మాట ఉన్నచోటే ఆపాలి. గుడ్డ దిగాక వాళ్లు సరిగ్గా ఆ మాట దగ్గరి నుంచే అందుకునేవారు. మధ్యలో విరామం దొరకడం వల్ల తిట్ల నాణ్యత బాగా పెరిగిందని దర్జీ అభిప్రాయం.

వీధి ఈ పద్ధతికి ఎందుకు ఒప్పుకుందంటే, ఉష్షాయన ఒక మాట ఇచ్చాడు. అవసరం లేకుండా ఆ గుడ్డ ఒక్క నిమిషం కూడా కట్టను అన్నాడు. అంతకు మించి ఆయన దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు. ఆ మాట మీదే అందరి మిషన్లూ, ఎక్కాలూ, సుత్తీ ఆగేవి.

సొట్టలాయన మొదట్లో అందరికంటే ఎక్కువ ఎదురు తిరిగాడు. తరవాత డైరెక్టరు స్వయంగా దిగి వచ్చి, వీధి మధ్యలో ఆయన చెయ్యి పట్టుకుని, మీరు సహకరించబట్టే ఊరు వార్తలు వింటోంది అన్నాడు. అంతటితో మనిషి మారిపోయాడు. గుడ్డ కట్టినప్పుడు ఆ ముందుగదిలో గుసగుసకు మించి పనికిరాదని ఉష్షాయన నియమం. గుసగుస కూడా కుదరదని సొట్టలాయన నియమం. ఎవరొచ్చినా చేతి సైగలే. నెత్తిన నిప్పు పడ్డా నోరు మెదపడని వీధిలో చెప్పుకునేవారు, అది విని ఆయన మురిసిపోయేవాడు.

ఆ ఇంట్లో ఈ నియమం పట్టనిది ఒక్కటే, ఆయన కూతురి నవ్వు. ఊళ్లోని గిన్నెలన్నిటికీ సొట్టలు తీసిన మనిషి సొంత కూతురి బుగ్గల మీది సొట్టల్ని ఏమీ చెయ్యలేకపోయాడు. నవ్వొస్తే ఆ అమ్మాయి ఆపుకోలేదు. చిన్నగా మొదలై, ఒకసారి విరిగి, మళ్లీ పై నుంచి దొర్లుకుంటూ వచ్చే నవ్వు అది. ఒకసారి కీర్తిశేషుడైన ఒక మహానుభావుడి గురించి సంతాప ప్రసంగం సాగుతుండగా గోడ దాటి మైకులో పడింది. ఆ మహానుభావుడికి బాకీలున్నవాళ్లెవరో నవ్వి ఉంటారని ఊరు అనుకుంది. డైరెక్టరు అనుకోలేదు. ఉష్షాయనను గోడ అవతలికి పంపించాడు.

ఆమె పెరట్లో గిన్నెలు తోముతోంది. ఆయన చెప్పాల్సినదంతా తన పద్ధతిలో, మెల్లగా చెప్పాడు. ఆమె బుద్ధిగా విన్నది.

"నవ్వొస్తే ఏం చెయ్యమంటారు మరి?"

"మింగెయ్యాలి."

"మీరెప్పుడైనా మింగారా?"

"నాకు పెద్దగా రాదు."

"అదీ సంగతి. అందుకే అంత తేలిగ్గా చెప్తున్నారు."

అని మళ్లీ నవ్వింది. అప్పుడు గుడ్డ లేదు కాబట్టి ఉష్షాయనకు ఆపే హక్కు లేకపోయింది. ఆపాలనీ అనిపించలేదు. ఆ తరవాత స్టేషను కెటిలు తరచూ కారడం మొదలుపెట్టింది. ఎన్నిసార్లు మాటు వేయించినా పక్కనే ఇంకో చిల్లి పడేది. కెటిలు నాణ్యత గురించి డైరెక్టరు కేకలేసేవాడు. ఉష్షాయన తల వంచుకుని వినేవాడు, మర్నాడు దాన్ని పట్టుకుని పక్కింటికి వెళ్లేవాడు. బాగయ్యాక ఆమె తెచ్చి ఇచ్చేది.

ఇందులో ఒక చిక్కుంది. చేరిన కొత్తలో వరస ఆలోచించకుండా ఆయన సొట్టలాయనను బాబాయ్ అని పిలిచాడు. పిలుపు అలాగే అతుక్కుపోయింది. బాబాయి కూతురంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. వీధిలో ఆడపిల్లలందరూ ఆయనను అన్నయ్యా అనే పిలిచేవారు. ఆమె ఒక్కతే పిలిచేది కాదు. కెటిలు తెచ్చినప్పుడు, ఇదిగో, అనేది. కనపడకపోతే, ఏమండీ ఎవరూ లేరా, అనేది. ఎన్ని మాటలైనా తిప్పి తిప్పి చెప్పేది కానీ అన్నయ్య అన్న మాట దగ్గరికి మాత్రం పోయేది కాదు. ఈ విషయం ఉష్షాయన గమనించాడు. నాలుగు మాటలు వినే మనిషికి నాలుగూ వినపడతాయి, చప్పుళ్లు పట్టడమే పనిగా పెట్టుకున్న మనిషికి అనని మాట కూడా వినపడుతుంది.

అయితే వినడం వేరు, అడగడం వేరు. అడగడం అంటే గొంతెత్తాలి. ఆయన రేపు, ఎల్లుండి అనుకుంటూ ఉండగానే సొట్టలాయన ఒక పొద్దున్న మేడకు వచ్చి, కూతురికి సంబంధం కుదిరేలా ఉందన్నాడు. పక్క ఊరి కలప వ్యాపారి కొడుకు. ఎల్లుండి మధ్యాహ్నం వస్తున్నారు, మాట్లాడుకుని సాయంత్రం బస్సుకు పోతారు. ఇంటికి ఉన్న పెద్ద గది ఆ ముందుగదొక్కటే కదా. అందుకని గుడ్డ ఉండని వేళ ఏదో చెప్పమన్నాడు.

ఆ రోజంతా గుడ్డ ఉంటుందని ఉష్షాయన చెప్పేసి ఉండొచ్చు. అయినా ఉద్యోగ ధర్మం. ఆ మధ్యాహ్నమంతా రికార్డులే బాబాయ్, ఎంత గట్టిగా అయినా మాట్లాడుకోవచ్చు, అని తానే చెప్పాడు. తన మెడకు తానే ఉరి బిగించుకున్నట్టు ఉందని తరవాత దర్జీతో అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఆయన అన్నం తిని, మొహం కడుక్కుని, మేడకు తిరిగి వస్తుంటే వీధి వింతగా ఉంది. మిషను లేదు, ఎక్కాలు లేవు. తోడికోడళ్లు ఒకరి మొహం మీద ఒకరు చేతులు తిప్పుకుంటున్నారు. ఆయన తలెత్తి చూశాడు. వరండా కమ్మీకి ఎర్ర గుడ్డ ఎగురుతోంది.

మెట్లెక్కి పైకి పరుగెత్తాడు. కంగారులో ఆ కిర్రుమనే మెట్టు మీద కూడా కాలేశాడు. స్టూడియో ఖాళీగా ఉంది. పక్కగదిలో రికార్డు తిరుగుతోంది, దాన్ని వేసిన ఉద్యోగి కుర్చీలో కునుకు తీస్తున్నాడు. వరండా తలుపు పక్కన, గుడ్డ తగిలించే మేకు కింద, మాటు వేసిన కెటిలు కూర్చుని ఉంది. దాన్ని ఎవరు తెచ్చారో అడగక్కర్లేదు.

ఉష్షాయన కమ్మీ దగ్గరికి వెళ్లి ముడి మీద చెయ్యి వేశాడు. అక్కడి నుంచి సొట్టలాయన గుమ్మం బాగా కనపడుతుంది. కొత్త చెప్పులు బారుగా ఉన్నాయి. అంటే వచ్చేశారు. లాగితే ముడి ఊడిపోతుంది. గుడ్డ దిగిన మరుక్షణం లోపల మాటలు మొదలవుతాయి, సాయంత్రానికి సంబంధం ఖాయమవుతుంది. లాగకపోతే, వీధికి ఇచ్చిన ఒకే ఒక్క మాట పోతుంది. ఆయన చెయ్యి ముడి మీద చాలాసేపు ఉంది. తరవాత కిందికి జారింది. ముడి అలాగే ఉంది.

లోపల జరిగింది వీధి చాలా రోజులు చెప్పుకుంది. కలప వ్యాపారి, కొడుకు, మేనత్త వచ్చి కూర్చునే సమయానికే గుడ్డ ఎగిరింది. రికార్డులే అన్నాడు కదా, ఇంకెవరో గొప్పవాళ్లు హఠాత్తుగా ఊడిపడి ఉంటారు అనుకున్నాడు సొట్టలాయన. రేడియో పరువు తన చేతిలో ఉందనుకుని నోరు బిగించాడు. ప్రయాణం బాగా జరిగిందా అని వ్యాపారిని అడగవలసిన మాటను గాలిలో బస్సు స్టీరింగు తిప్పి అడిగాడు. వ్యాపారి పాపం మర్యాదస్తుడు, తనూ చేతుల్తోనే జవాబిచ్చాడు. కాసేపటికి మేనత్తకు విసుగొచ్చి, అమ్మాయి మాట్లాడుతుందా అని పైకే అడిగింది. సొట్టలాయన, ఆయన భార్య, కిటికీలోంచి చూస్తున్న పక్కింటి ముసలమ్మ, ముగ్గురూ ఒక్కసారే పెదాల మీద వేలు పెట్టారు. లోపలి నుంచి వచ్చిన అమ్మాయి కూడా వాళ్లకు నమస్కారం పెట్టి, వేలు పెదాల మీద పెట్టుకుని, అలాగే నిలబడింది. తండ్రి నియమాన్ని ఆమె అంత నిష్ఠగా పాటించడం అదే మొదటిసారి.

వాళ్లు బస్సు టైముకు ముందే లేచిపోయారు. వీధి చివరిదాకా వాళ్లను సాగనంపింది సైగలు చేస్తున్న జనమే. ఇల్లంతా అనుకుంటే వీధంతా మూగవాళ్లే, మనకెందుకొచ్చిన గొడవ, అని మేనత్త బస్సులో అన్నదని కబురు.

సాయంత్రం ఆమె కెటిలు సంగతి కనుక్కోవడానికని మేడకు వచ్చింది. అప్పటికి ఉష్షాయన గుడ్డ దింపి మడత పెడుతున్నాడు.

"నేనే కట్టాను."

"తెలుసు."

"చూశాక విప్పెయ్యొచ్చుగా మీరు?"

"ముడి బాగా బిగిసిపోయింది."

"నేను వేసింది జారుముడండీ," అందామె.

ఉష్షాయన మడత పెట్టిన గుడ్డను మళ్లీ విప్పి మళ్లీ మడత పెట్టాడు. ఆమె ఆ సాయంత్రం నవ్వలేదు. కలప వ్యాపారి కాకపోతే ఇంకొకరు వస్తారు, ప్రతిసారీ నేనొచ్చి కట్టలేను, అని మాత్రం చెప్పి మెట్లు దిగిపోయింది.

మర్నాడు టీ కొట్టులో గుట్టు బయటపడింది. టీ కొట్టాయనకు రేడియో ఉంది, పొద్దస్తమానం మోగుతూనే ఉంటుంది. నిన్న మధ్యాహ్నం ఎవరో గొప్పవాళ్లు మాట్లాడారటగా అని సొట్టలాయన అడిగితే, ఎవరూ లేరు, పాటల రికార్డులే వేశారు అన్నాడు. సొట్టలాయన టీ గ్లాసు సగంలో పెట్టేసి ఇంటికి వెళ్లాడు. వెళ్లేముందు వీధికంతా వినపడేలా చెప్పాడు. ఇవాళ్టి నుంచి ఆ గుడ్డ తనకు గుడ్డే. ఎగిరినా ఆరినా తన సుత్తి ఆగదు. ఎవడు వచ్చి ఉష్ అంటాడో చూస్తానన్నాడు. వీధి ఉష్షాయన వైపు చూసింది, ఏదో ఒకటి చెప్తాడని. ఆయన తల వంచుకుని మేడ మెట్లెక్కాడు. దర్జీ కూడా మొహం తిప్పుకున్నాడు.

ఆ సాయంత్రం నాటకం. నేరుగా మైకు ముందు ఆడేదే. నడి అడవిలో ఒక ముని తపస్సు చేసుకుంటూ ఉంటాడు, కొత్త శిష్యుడు వచ్చి కాళ్ల మీద పడతాడు. ఉష్షాయన గుడ్డ కట్టాడు. దర్జీ కాసేపు చూసి, చివరికి కాలు తీశాడు. బడి ఎలాగూ వదిలేశారు. తోడికోడళ్లు ఇవాళ ఆపాలా వద్దా అని ఒకరినొకరు చూసుకున్నారు. స్టూడియోలో ముని కళ్లు మూసుకుని, ఆహా, ఈ అడవిలో ఎంత ప్రశాంతత, అన్నాడు. గోడ అవతల టంగుమంది.

ముని ఒక కన్ను తెరిచాడు. మళ్లీ టంగు, టంగు. శిష్యుడి వేషం వేసినాయన గడుసువాడు, స్వామీ, ఎవరో కట్టెలు కొడుతున్నట్టున్నారు, అని సర్దాడు. కట్టెలు కొడితే టంగుమనదని అద్దం వెనక డైరెక్టరు జుట్టు పీక్కుంటున్నాడు. అందరి కళ్లూ ఉష్షాయన మీదే. ఆయన మెట్లు దిగాడు.

సొట్టలాయన కావాలనే పెద్ద గుండిగ ఒకటి బయటికి తీశాడు. వంద మందికి వండే గుండిగ. దాని నడుమును గోడ వైపు తిప్పి కొడుతున్నాడు. గుమ్మంలో నీడ పడగానే తలెత్తకుండానే, అను, ఆ ఉష్ ఏదో అను, వింటాను, అన్నాడు. సుత్తి మాత్రం ఆగలేదు.

ఉష్షాయన ఉష్ అనలేదు. దగ్గరికి వచ్చి, గుండిగకు ఇవతల గొంతుక్కూర్చున్నాడు. గోడకు వినపడకుండా మనిషికి మాత్రమే వినపడే గొంతు ఒకటి ఆయనకు తెలుసు. ఆ గొంతుతో పిలిచాడు.

"మామయ్యా."

సుత్తి గాలిలో ఆగిపోయింది. ఇన్నేళ్లుగా బాబాయ్ అని పిలిచిన నోరు అది. సొట్టలాయన సుత్తిని అలాగే పట్టుకుని చెవి ముందుకు వంచాడు.

"ఏమన్నావ్?"

ఉష్షాయన ఒక్క పిసరు కూడా గొంతు పెంచలేదు. మీ అమ్మాయిని నాకివ్వండి, అన్నాడు. వినపడాలంటే సుత్తి కింద పెట్టక తప్పదు. సొట్టలాయన పెట్టాడు. వంటగదిలో గిన్నెల చప్పుడు కూడా ఆగిపోయింది.

తరవాత ఉష్షాయన మాట్లాడుతూనే ఉన్నాడు. అంతసేపు ఒకే మనిషితో మాట్లాడటం ఆయనకు పుట్టాక అదే మొదలు. తన తల్లి గురించి చెప్పాడు. గురక పెట్టనని చెప్పాడు. కెటిలుకు చిల్లులు ఎలా పడుతున్నాయో చెప్పాడు. సొట్టలాయన కూడా, తన నియమం తానే మరిచిపోయి, గుసగుసలోకి దిగాడు. గోడ అవతల ముని శిష్యుడికి సకల శాస్త్రాలూ బోధించేశాడు, అడవిలో ఆకు కదిలిన అలికిడి లేదు.

"నిన్న గుడ్డ కట్టిందెవరు?" అని చివరికి అడిగాడు సొట్టలాయన.

"విప్పనిది నేనే, మామయ్యా."

సొట్టలాయన ఆ జవాబును గిన్నెను తిప్పి చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. వంటగది తలుపు వైపు ఒకసారి, మనిషి వైపు ఒకసారి చూశాడు.

"ఒక్కటి చెప్పు. నువ్విప్పుడు నా కూతురి కోసం వచ్చావా, నా సుత్తి ఆపడానికి వచ్చావా?"

"మెట్లు దిగేటప్పుడు సుత్తి కోసమే. మీ గుమ్మం ఎక్కేసరికి మరి సుత్తి గుర్తు లేదు."

అబద్ధం చెబుతాడేమోనని ఎదురుచూసిన మనిషికి దీనితో కోపానికి పట్టు దొరకలేదు. ఇంతలో పైన డైరెక్టరే గుడ్డ దింపాడు. వీధిలో మిషను లేచింది, తోడికోడళ్లు ఆపిన మాట దగ్గరి నుంచి అందుకున్నారు. సొట్టలాయన సుత్తి చేతిలోకి తీసుకున్నాడు. ఒప్పుకున్నట్టూ లేదు, కాదన్నట్టూ లేదు. రేపు గుడ్డ ఎప్పుడు కడతావు, అని మాత్రం అడిగాడు.

పొద్దున ఆరోగ్య ప్రసంగం, సాయంత్రం పాట కచేరీ అన్నాడు ఉష్షాయన.

"పొద్దున నాకు పనుంది. సాయంత్రం రా. ఇంకా నిన్ను అడగాల్సినవి చాలా ఉన్నాయి."

అలా సాగింది ఆ బేరం. రోజూ ఎర్ర గుడ్డ ఎగరగానే ఉష్షాయన వెళ్లి గుండిగ పక్కన కూర్చునేవాడు, దిగగానే లేచి వచ్చేవాడు. సొట్టలాయన అడగని ప్రశ్న లేదు. మీ తాత ఎలా పోయాడు దగ్గర నుంచి, నీకు ఏ పక్కన పడుకోవడం అలవాటు దాకా అడిగాడు. ప్రశ్నలు అయిపోతే తన బతుకు కథ మొదలుపెట్టేవాడు. ఆ రోజుల్లో ప్రసారాలు ఎంత శుభ్రంగా వచ్చాయంటే, ఇంత నిశ్శబ్దం ఎలా సాధించారని పై ఆఫీసు నుంచి మెచ్చుకోలు వచ్చింది. డైరెక్టరు ఉష్షాయనను పక్కకు పిలిచి, సంబంధం తొందరగా ఖాయం చేసుకోవద్దని బతిమాలాడట కూడా. వంటగది తలుపు వెనక మాత్రం రోజురోజుకీ గిన్నెలు గట్టిగా పెట్టడం మొదలైంది.

చివరికి ఒక వేణువు కచేరీ రోజున, వాయిద్యం సన్నగా సాగుతుండగా, సొట్టలాయన తన కథలో పెళ్లి దాకా వచ్చి ఆగిపోయాడు. తన మామగారు తనను ఎన్నాళ్లు తిప్పుకున్నాడో గుర్తొచ్చినట్టుంది. కాసేపు గోడ వైపు చూస్తూ వేణువు విన్నాడు. తరవాత ఉష్షాయన వైపు తిరిగి తల ఊపాడు. ఊపి, మళ్లీ వేణువు వినడంలో పడ్డాడు.

ఉష్షాయన లేవలేదు. కచేరీ అయింది. గుడ్డ దిగింది. వీధి గోలంతా ఒక్కసారిగా లోపలికి వచ్చింది. సొట్టలాయన సుత్తి అందుకుని, ఇంకా కూర్చున్నావేం, చెప్పాను కదా, అన్నాడు.

"తల ఊపారు. చెప్పలేదు."

"ఊపితే చాలదా?"

"నాకు ఇన్నేళ్లుగా అందరూ తలలే ఊపుతున్నారు మామయ్యా. ఇది మాత్రం పైకి అనండి."

సొట్టలాయన అతని మొహం చూశాడు. గొంతు సవరించుకున్నాడు. అటుపైన ఆయన అన్న మాట దర్జీ మిషను దాటి, తోడికోడళ్లను దాటి, టీ కొట్టు దాకా వినపడింది.

"ఇస్తున్నానయ్యా. నా కూతుర్ని నీకే ఇస్తున్నాను. వినపడిందా?"

"వినపడింది," అన్నాడు ఉష్షాయన. "ఇంకొక్కసారి అనండి."